మేడికుంట చిక్కుడు

సంధ్యారాణి పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. ఊరున్న చోట గొయ్యి ఉంది. గొయ్యి పక్కన, అందులోంచి తీసిన మట్టి గుట్టలుగా ఉంది. గోదావరిఖని నుంచి బస్సులో వెళ్తుంటే ఆ గుట్టలు కనబడతాయి. వానాకాలంలో వాటి మీద గడ్డి మొలుస్తుంది. తెలియనివాళ్లు కొండలనుకుంటారు.

ఊరి పేరు మేడికుంట. ఓపెన్‌కాస్ట్ గని కోసం ఊరు ఖాళీ చేసినప్పుడు ఆమె మూడో తరగతిలో ఉంది. ఆమెకు గుర్తున్నది తక్కువ. బడి గోడకు పడిన పగులు. మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగగానే పిల్లలందరూ పుస్తకాలు నెత్తిన పెట్టుకుని బయటికి పరుగెత్తడం. ఒకరోజు తండ్రి సదయ్య గడ్డపారతో ఇంటి దర్వాజాను ఊడబెరికి ట్రాక్టరులో వేయడం. ఆ దర్వాజా కొత్త ఇంటికి పట్టలేదు. కొన్నేళ్లు గోడకు ఆనించి ఉంది. తర్వాత చెదలు తిన్నాయి.

కొత్త ఇల్లు పునరావాస కాలనీలో. అక్కడ వీధులు తిన్నగా ఉంటాయి. నేల మొరం, రాళ్లు కలిసిన ఎర్రమట్టి. సదయ్య బొగ్గు లోడింగు దగ్గర కాంట్రాక్టు పనికి కుదిరాడు. తల్లి శోభ ఒక హాస్టల్లో వంటకు వెళ్తుంది. పగలంతా ఇంట్లో ఉండేది నాయనమ్మ లస్మవ్వ ఒక్కతే.

లస్మవ్వ మేడికుంట నుంచి చిక్కుడు విత్తనం తెచ్చుకుంది. అది అంగట్లో దొరికే చిక్కుడు కాదు. కాయ పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. అంచు వెంట వంకాయ రంగు గీత ఉంటుంది. మేడికుంటలో ప్రతి దడి మీదా అదే పాకేది. ఆ ఊళ్లో విత్తనం అమ్మేవారు కాదు, అడిగినవారికి లేదనేవారు కాదు. ఎవరి విత్తనమైనా పుచ్చిపోతే లస్మవ్వ ఇంటికి వచ్చేవారు. ఏటా నాణ్యమైన కాయలు తీగకే ఎండనిచ్చి, వలిచి, గుడ్డలో మూట కట్టి, దూలానికి వేలాడదీయడం ఆమె పని. ఆ పని ఆమెకెవరూ అప్పగించలేదు. ఆమె అత్త చేసేది కాబట్టి ఆమె చేసింది.

కాలనీలో స్నానాల గది మీదికి ఒక తీగను పాకించింది. మొదటి ఏడు బాగానే కాసింది. రెండో ఏడు తగ్గింది. ఆ తర్వాత ప్రతి ఏడూ తగ్గుతూ వచ్చింది. కాసిన కొద్ది కాయలు విత్తనానికే సరిపోయేవి. కూర వండుకోవడం మానేశారు. సంధ్యారాణి ఆ చిక్కుడు తిన్నది చిన్నప్పుడే.

"ఈ మట్టికి పాలు లెవ్వు" అనేది లస్మవ్వ.

కిందటేడు కోతులు తీగను గుంజి పారేశాయి. గుప్పెడు విత్తనం దక్కింది.

*

సంధ్యారాణి పట్టణంలో ఒక డిగ్రీ కాలేజీలో చేరింది. అక్కడ చదివేవాళ్లు గని కార్మికుల పిల్లలు, చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు. పొద్దున మొదటి బస్సుకు బయల్దేరినవాళ్లు మధ్యాహ్నం డబ్బా తెరిస్తే అన్నం, తొక్కు. ఎవరి డబ్బా తెరిచినా అదే. ఆమె క్లాసులోనే రుత్విక్ అనే కుర్రవాడుండేవాడు. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ వాడు. తండ్రి భూగర్భ గనిలో పనిచేస్తాడు. నోరు ఊరుకోదు.

"రేపటి సంది అందరం డబ్బలు బందు పెడుదాం. తొక్కు సీస ఒక్కటి తెచ్చుకుని చుట్టూత కూసుందాం. వాసన జూసుకుంట అన్నం తినుడే."

నవ్వారు. నవ్విన తర్వాత ఎవరో ఒకరు కాలేజీ వెనక కూలిపోయిన సైకిల్ స్టాండు వైపు చూశారు. తోట అక్కడ మొదలైంది.

వృక్షశాస్త్రం చెప్పే భావ్య మేడం ప్రిన్సిపాల్‌ను అడిగి ఒప్పించింది. ఆమె మంథని నుంచి రోజూ బస్సులో వచ్చే గెస్ట్ లెక్చరర్. అంతకు మించి ఆమె కల్పించుకోలేదు. తోట పిల్లలదే. రేకులు తీసింది వాళ్లు, మొరం తవ్వింది వాళ్లు, చెరువు మట్టి పోయించింది వాళ్లు. నీళ్ల వంతులు వాళ్లే వేసుకున్నారు. తోటకూర, గోంగూర, టమాట, బెండ. అన్నం ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలి, కూర తోటది. క్యాంటీను వెనక పొయ్యి అడిగి వండుకునేవారు. మొదటిరోజు గోంగూరలో ఉప్పు మరిచిపోయారు. అయినా గిన్నె అడుగు గీకి తిన్నారు.

సంధ్యారాణి ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తోటలో ఉన్నప్పుడు మాట్లాడేది. మట్టి చేతులతో ఇంటికి వచ్చేది. లస్మవ్వ ఆ చేతులు చూసి ఒక సాయంత్రం అడిగింది.

"మీ కాలేజీకి గోడ ఉన్నదా?"

"ఉన్నదవ్వా."

"నీళ్లు?"

"బోరున్నది."

"కోతులు?"

"రుత్విక్ గాడున్నడు. ఆన్ని జూసి వేరే కోతులు రావు."

లస్మవ్వ నవ్వింది. లోపలికి వెళ్లి మూట తెచ్చి మనవరాలి ఒడిలో పెట్టింది.

"కొన్ని నీ దగ్గర ఉంచుకో అవ్వా."

"ఏడ పెట్టాలె ఇవి? ఈడ పెడితె కోతుల పాలు. పెట్టకుంటె పుచ్చుతయి. అన్ని తీస్కపో. ఈ యేడు కాయ తెంపకుండ్రి, తినకుండ్రి. తీగకే ఎండాలె. ఎండినంక నాకు తెచ్చియ్యి."

"తెస్త."

"ఇవి పోతె మేడికుంట చిక్కుడు పోయినట్టే బిడ్డా. ఇగ నా కాడ లెవ్వు."

*

తొలకరికి పెట్టారు. ఒక్కటీ పొల్లుపోలేదు. వెదురు బొంగులతో పందిరి వేశారు. వినాయక చవితి నాటికి తీగలు పందిరి మీదికి ఎక్కి కిందికి చూస్తున్నాయి. చెరువు మట్టి కొత్తది. ఆకులు అరచేతులంత వచ్చాయి. సంధ్యారాణి ఫోనులో ఫొటోలు తీసి లస్మవ్వకు చూపించేది. లస్మవ్వ ఫోనును కళ్లకు దగ్గరగా పెట్టుకుని, వేలితో ఆకును తాకబోయేది. ఫొటో జరిగిపోయేది.

రుత్విక్ ఒక అట్టముక్క మీద రాసి పందిరికి కట్టాడు: కాయ ముట్టినోనికి కడుపునొప్పి.

చలి మొదలయ్యే ముందు పేనుబంక పట్టింది. లేత కొనల నిండా నల్లగా, జిగటగా. సంధ్యారాణి లస్మవ్వను అడిగింది.

"గిదానికి ఫికరెందుకే? పొయ్యిల బూడిద చల్లు. పొద్దుగాల, మంచు తడి ఉన్నప్పుడే చల్లాలె. ఆకుకు పట్టుకుంటది."

మర్నాడు మేడంను అడిగింది. "చల్లండి, మంచిదే" అంది మేడం. "మా అమ్మ కూడా చిక్కుడుకు బూడిదే చల్లుతుంది. పురుగు పోతది, మొక్కకు బలం కూడా."

"బలమట" అన్నాడు రుత్విక్. "బూడిద తింటె బలమొస్తే కరెంటు ప్లాంటు బూడిద మింగే మన రామగుండపోళ్లందరం పహిల్వాన్‌లం గావాలె."

ఇంటికో డబ్బా బూడిద తేవాలని అనుకున్నారు. అందరి ఇళ్లలోనూ పెరటి పొయ్యి ఉంటుంది, పొయ్యి కింద బూడిద ఉంటుంది. మర్నాడు డబ్బాల్లో తెచ్చారు, కవర్లలో తెచ్చారు. ఒకమ్మాయి టిఫిన్ క్యారియరు నిండా తెచ్చింది. మధ్యాహ్నం దాకా చేతులకు, జుట్టుకు బూడిదే. ఆకుల మీద చల్లగా ఇంకా మిగిలింది. బలమన్నారు కదా అని పాదుల్లో పోసి నీళ్లు కట్టారు.

పేనుబంక పోయింది. పిల్లలు సంతోషించారు. వారం వారం డబ్బాలు వస్తూనే ఉన్నాయి.

తర్వాత ఆకుల అంచులు పసుపయ్యాయి. పసుపు మెల్లగా గోధుమ రంగులోకి తిరిగింది. ఆకు నడుమ పచ్చగా ఉంది, అంచు మాత్రం సెగ తగిలినట్టుంది. ముదురాకుతో మొదలై పైకి వచ్చింది. మొగ్గలు వచ్చాయి. విచ్చుకోకుండానే రాలాయి.

సంధ్యారాణి ఇంటికి వచ్చి చెప్పింది. "ఇంకేదో తెగులు పట్టింది. ఇంకింత చల్లు" అంది లస్మవ్వ. చల్లారు.

ఆ రోజుల్లో ఆమె తరగతులకు సరిగా వెళ్లలేదు. పందిరి కింద కూర్చునేది. కిందపడ్డ మొగ్గలు ఏరి ఒళ్లో పోసుకునేది. వాటితో ఏం చేయాలో తెలిసేది కాదు. బస్సు టైముకు లేచి దులుపుకునేది.

*

ఒక ఆదివారం భావ్య మేడం కాలనీకి వచ్చింది. ఈ చిక్కుడును ఇన్నేళ్లు కాపాడిన మనిషినే అడిగితే తెగులేమిటో తెలుస్తుందనుకుంది.

లస్మవ్వ పెరట్లో నీళ్లు కాగబెడుతోంది.

"వచ్చినవా పంతులమ్మా, కూసో. మా సంధ్య రోజు నీ ముచ్చటే చెప్తది. చాయ తాగుతవా? మా ఇంట్ల తాగుతరా మీరు?"

"తాగుతనవ్వా. పెట్టండి."

మేడం పీట మీద కూర్చుంది. ఆమె చూపు పొయ్యి మీద పడింది. ఎర్రగా కణకణలాడుతున్న గడ్డలు. పక్కన బస్తాలో నల్లవి మరికొన్ని.

"పొయ్యిల ఏం పెడతరు అవ్వా?"

"బొగ్గు. ఇంకేం పెడతరు? మీ మంథనిల ఏం పెడతరమ్మా, బంగారమా?"

"కట్టెలు."

"మాకు కట్టెలేడియి? అడివి లేదు, చేను లేదు. దారి పొడుగూత బొగ్గు పడి ఉంటది. సదయ్య తెస్తడు."

మేడం వంగి పొయ్యి ముందరి బూడిదను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"తోటల చల్లింది ఈ బూడిదేనా?"

"మా ఇంట్లది ఇదే. అందరియి ఇవే పొయ్యిలు. బూడిదంటె బూడిదే గద."

సంధ్యారాణి తలుపు దగ్గర నిలబడి ఉంది. మేడం ఆమె వైపు తిరగలేదు. లస్మవ్వకే చెప్పింది, నెమ్మదిగా.

"కట్టె బూడిద వేరు అవ్వా. అది చెట్టుది, మళ్లా చెట్టుకే మంచిగ చేస్తది. బొగ్గు భూమి కిందిది. దాని బూడిదల మొక్కకు పడని ఉప్పులుంటయి. కొన్ని మొక్కలు తట్టుకుంటయి. చిక్కుడు అస్సలు తట్టుకోదు. మా ఇంట్ల చూసిన బూడిదే నా మనసుల ఉన్నది. ఏం బూడిద అని నేను అడగనే లేదు."

"మేడికుంటల యేటా చల్లిన గద. ఏం గాలె."

"అక్కడ పొయ్యిల ఏం పెడుతుంటిరి?"

లస్మవ్వ జవాబు చెప్పబోయి ఆగింది.

"కందికట్టె. పత్తికట్టె. పిడకలు."

నీళ్లు తెర్లుతున్నాయి. ఎవరూ దించలేదు. లస్మవ్వ స్నానాల గది కప్పు వైపు చూస్తోంది. ఏటేటా తీగ పాకించిన చోటు. అక్కడిప్పుడు ఏమీ లేదు.

"అయితె ఈ మట్టి తప్పు గాదన్నట్టు."

మేడం తల వంచుకుంది.

"తగ్గిందని చల్లిన. చల్లినకొద్ది తగ్గింది. తగ్గినకొద్ది ఇంకింత చల్లిన. ఇన్నేండ్ల సంది నేనే సంపుకుంట వచ్చినన్నట్టు."

"తెల్వక చేసినం అవ్వా. అందరం" అంది సంధ్యారాణి.

"నువ్వు నేను చెప్పినట్టు చేసినవ్ బిడ్డా. నువ్వేం చేసినవ్."

చాయ పెట్టడం మరిచిపోయింది. మేడం ఖాళీ కడుపుతో మంథని బస్సెక్కింది.

*

పిల్లలు పాదుల్లోని మట్టి తీసి గోడవతల పోశారు. కొత్త మట్టి వేశారు. బోరు నీళ్లతో నేలను కడిగారు. వరుసగా నిలబడి బకెట్లు అందించుకున్నారు. రుత్విక్ తన అట్టముక్కను తానే విప్పి తీసేశాడు.

తీగలు ఒక్కొక్కటి మొదలు నుంచి పైకి ఎండుతూ వచ్చాయి. గోడ వారగా ఒక్క తీగ బతికింది. దానికి ఒక గెల పూసింది. ఊదా రంగు. నాలుగు పిందెలు పట్టాయి. సంధ్యారాణి వాటికి పాత చున్నీ ముక్క నీడగా కట్టింది. పొద్దున రాగానే చూసేది. వెళ్లేటప్పుడు చూసేది. పిందెలు గోరంత పెరిగి ఆగిపోయాయి. తర్వాత ముడుచుకుని పడిపోయాయి. చీల్చి చూసింది. లోపల గింజ ఉండాల్సిన చోట తెల్లటి పొర ఉంది.

లస్మవ్వ అడిగింది. సంధ్యారాణి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. లస్మవ్వ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని సంధ్యారాణికి అనిపించింది.

"మనోళ్ల ఇండ్లల్ల అడుగు. ఎందరికో ఇచ్చిన" అంది లస్మవ్వ.

మేడికుంట వాళ్లు ఆ కాలనీలో చాలామందే ఉన్నారు. సంధ్యారాణి ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడపలో ఒకే మాట వినడానికి తిరిగినట్టయింది.

"చిక్కుడు గింజలా? మీ అవ్వ కాడ ఉంటయి గద పోరీ."

"ఏందే, లస్మక్క మనవరాలివి మా ఇంటికొచ్చి గింజలడుగుతున్నవా? బాయి వచ్చి బిందెను నీళ్లడిగినట్టు!"

"మేమెప్పుడో పెట్టుడు బందు చేసినం. కావాల్నంటె మీ అవ్వ ఉండనే ఉన్నదని."

పరాచికమనుకుని నవ్వారు. ఆమె కూడా కొన్ని గడపల దగ్గర నవ్వింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది: లేవు, అవ్వ దగ్గర లేవు. అప్పుడు వాళ్ల ముఖాల్లో నవ్వు పోయేది. లోపలికి వెళ్లి డబ్బాలు వెతికేవారు. కందులు దొరికేవి, పెసలు దొరికేవి, పాత బొత్తాములు దొరికేవి. చేతులు దులుపుకుంటూ బయటికి వచ్చి, ఆమెను సాగనంపడానికి వీధి చివరిదాకా వచ్చేవారు.

గోదావరిఖని కూరగాయల మార్కెట్లో చిక్కుడు రాశులు పోసి ఉంది. పొడుగుకాయ, లేత ఆకుపచ్చ. ఆమె ఒక్కో రాశిని చేత్తో కెలికింది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?" అంది కూరగాయలమ్మే ఆమె.

"అంచుకు గీత ఉంటదమ్మా. వంకాయ రంగు గీత."

"అంచు గీతలు గావాల్నంటె చీరెల దుకాణానికి పోవాలె గని కూరగాయల కాడికొస్తవా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు.

ఇక మిగిలింది మేనత్త అనసూర్య. మందమర్రిలో ఉంటుంది, కంపెనీ క్వార్టర్లలో. లస్మవ్వ కూతురు. "దానికి చీర కొంగుల కట్టి ఇచ్చిన. అది పారేసే మనిషి గాదు" అంది లస్మవ్వ. ఆ మాట అన్నప్పుడు ఆమె గొంతు కొద్దిగా లేచింది. ఆ పొద్దు రెండు ముద్దలు ఎక్కువ తిన్నది.

సంధ్యారాణి ఒక్కతే బస్సులో వెళ్లింది. వంతెన కింద గోదావరి కదలకుండా ఉంది. మందమర్రి బజారు దాటి, ఒకే తీరుగా ఉన్న క్వార్టర్ల వరుసల్లో వెతుక్కుంటూ ఇల్లు చేరింది. అనసూర్య ఎదురొచ్చింది.

"ఒక్కదానివే వచ్చినవేందే? అమ్మ మంచిగున్నదా? ఎంత బక్కగైనవ్! కాలేజీల తిండి పెడుతలేరా?"

"మంచిగున్నది అత్తా. చిక్కుడు గింజల కోసం వచ్చిన. మేడికుంటయి."

అనసూర్య లోపలికి వెళ్లి స్టీలు డబ్బా తెచ్చింది. మూత తీసింది. డబ్బాలో జీలకర్ర ఉంది.

"గిండ్లనే ఉండె. దసరకు మీ మామ గుగ్గిళ్లు గావాల్నన్నడు. ఇంట్ల వేరే ఏం లేకుండె. అమ్మ కాడ ఉంటయి గద, ఈసారి వచ్చినప్పుడు తెచ్చుకుందమని ఇవి ఉడకబెట్టిన. నిన్ను జూసి నాకోసం తెచ్చినవనుకున్న."

సంధ్యారాణి కింద కూర్చుంది. అత్త మంచినీళ్లు తెచ్చేలోగా మొత్తం చెప్పేసింది. తోట, పేనుబంక, బూడిద, ఇల్లిల్లూ తిరగడం.

"అట్లెట్ల పోతయే?" అంది అనసూర్య. "ఎవల దగ్గరనన్న ఉంటయి. ఎవలో ఒకలు పెట్టే ఉంటరు."

"ఎవలు అత్తా?"

అనసూర్య వేళ్లు మడుస్తూ పేర్లు చెప్పసాగింది. ప్రతి పేరు దగ్గరా సంధ్యారాణి తల అడ్డంగా ఊపింది. చివరికి అనసూర్య చేయి ఒళ్లో పెట్టుకుంది. అన్నం పెట్టింది. ఇద్దరూ తిన్నారు.

*

తోట నడుస్తోంది. గోంగూర ఆ బూడిదను తట్టుకుంది, తోటకూర తట్టుకుంది. మధ్యాహ్నం కూర వండుతున్నారు. కొత్తగా చేరినవాళ్లు చిక్కుడు పందిరికి సొర పాకించారు. సంధ్యారాణి తన వంతు నీళ్లు పోసి, డబ్బా తీసుకుని గేటు దగ్గరికి వెళ్లి తింటుంది. పిలిస్తే వస్తుంది. పిలవకపోతే రాదు.

ఆ రోజు సంధ్యారాణి మందమర్రి నుంచి తిరిగి వచ్చేసరికి లస్మవ్వ వీధి మొగదలనే నిలబడి ఉంది. చేతిలో ఖాళీ గుడ్డ ఉంది, గింజలు కట్టుకోవడానికి.

"ఇచ్చిందా?"

"లెవ్వవ్వా. దసరకు వండుకున్నరట."

లస్మవ్వ ఆ గుడ్డను నాలుగు మడతలు పెట్టింది. నడుస్తూ ఇంటిదాకా వచ్చారు. అరుగు మీద కూర్చున్నాక అడిగింది.

"ఎట్లుండెనట?"

"ఏంది?"

"గుగ్గిళ్లు. మంచిగున్నయన్నదా?"

"ఏం చెప్పలె. నేను అడగలె."

"మంచిగనే ఉండి ఉంటయి." మడిచిన గుడ్డను ఒళ్లో పెట్టుకుంది. "నీకు యాదికున్నదా, దాని కూర?"

"ఉన్నదవ్వా."

"ఎట్లుంటది చెప్పు."

సంధ్యారాణి గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. ఉప్పు గుర్తొచ్చింది, కారం గుర్తొచ్చింది. కంచం గుర్తొచ్చింది. రుచి మాత్రం గుర్తు రాలేదు.

"నేను చెప్త ఇను" అంది లస్మవ్వ. "తియ్యగ ఉంటది. తియ్యగంటె తియ్యగ గాదు. కొద్దిగ వగరు... వగరు సుత గాదు. ఉడికేటప్పుడు ఇల్లంత..."

ఆగింది. చేయి గాలిలో కొంచెం లేచి, అక్కడే ఉంది. పెదవులు కదిలించి చూసింది, నోట్లో ఏదో ఉన్నట్టు. సంధ్యారాణి ఎదురుచూసింది. వీధిలో నీళ్ల ట్యాంకరు వచ్చి, జనం బిందెలతో గుమిగూడి, ట్యాంకరు వెళ్లిపోయింది.

"నాకు సుత యాదికొస్తలేదు బిడ్డా" అంది లస్మవ్వ.